స్కిన్ క్యాన్సర్ రిస్క్ స్కోర్: ఈ స్పెక్‌షీట్‌లో మన చర్మం ఎక్కడుంది?

ఫోన్లు, వాచీలు, ఇయర్‌బడ్స్ గురించి రాసుకునే చోట క్యాన్సర్ మాటేంటి అనుకుంటారేమో. కానీ ఇప్పుడు క్యాన్సర్ కూడా గాడ్జెట్ల సెక్షన్‌లోకే వచ్చేసింది. ట్యూబ్‌లో ఉమ్మేసి పంపితే మీ జన్యువుల్ని బట్టి రిస్క్ ఎంతో చెబుతామంటారు. పుట్టుమచ్చని ఫోటో తీస్తే చాలు, అది ప్రమాదమో కాదో యాప్ చెబుతుందంటారు. అమ్మేవాళ్లు గాడ్జెట్‌లా అమ్ముతున్నారు కాబట్టి, మనమూ గాడ్జెట్‌లాగే పరీక్షించాలి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా మామయ్య కుడి కాలి బొటనవేలి కింద నల్లటి మచ్చ ఒకటి వచ్చింది. పొలానికి వెళ్లే మనిషి కదా, ముల్లో, ఆనెకాయో అనుకున్నాడు. డల్లాస్‌లో ఉండే మా బావ వీడియో కాల్‌లో చూసి ఫోటో పంపమన్నాడు. దాన్ని తన ఫోన్‌లో ఉన్న ఒక స్కిన్ యాప్‌కి ఇచ్చాడు. ఆకుపచ్చ రంగులో "తక్కువ రిస్క్" అని వచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ కూడా ఆనెకాయే అని ప్లాస్టర్ వేశాడు. ఐదు నెలల తర్వాత అది పగిలి రక్తం కారుతుంటే హైదరాబాద్ తీసుకొచ్చాం. ముక్క పరీక్ష చేస్తే మెలనోమా అని తేలింది. వేలు తీసేశారు. ఇప్పుడు పర్లేదు, నడుస్తున్నాడు. మూడు నెలలకోసారి చెకప్‌కి వస్తాడు.

ఆ యాప్ పేరు రాయను. ఎందుకంటే సమస్య ఆ ఒక్క యాప్‌ది కాదు.

ఇదయ్యాక బావకి భయం పట్టుకుంది. తనకోసం, పిల్లలకోసం డీఎన్‌ఏ కిట్లు ఆర్డర్ చేద్దామనుకుని నాకు ఫోన్ చేశాడు. "ఏరా, నువ్వు వస్తువుల్ని రివ్యూ చేస్తావు కదా, ఇవి నమ్మొచ్చా?" అన్నాడు. అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. చాలా చదివాక ఇప్పుడు చెప్తున్నాను.

స్కోర్ ఎలా తయారవుతుంది?

చర్మ క్యాన్సర్‌కి జన్యువులతో సంబంధం ఉంది, అందులో అనుమానం లేదు. నార్డిక్ దేశాల కవలల మీద చేసిన పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. ఆ జనాభాలో ఒకరికి మెలనోమా రావడం, మరొకరికి రాకపోవడం అనే తేడాలో దాదాపు 58 శాతం వారసత్వానిదని అందులో లెక్క తేలింది. క్యాన్సర్లలో ఇది చాలా ఎక్కువ.

జన్యువులు రెండు రకాలుగా పనిచేస్తాయి. ఒకటి, ఒక్క జన్యువులోనే పెద్ద లోపం. సీడీకేఎన్2ఏ అనే జన్యువు కణాలు అదుపు తప్పి పెరగకుండా బ్రేక్ వేస్తుంది. అది పాడైన కుటుంబాల్లో తరతరాలుగా మెలనోమా కనిపిస్తుంది, కొందరిలో పాంక్రియాస్ క్యాన్సర్ కూడా. ఇలాంటి కుటుంబాలు అరుదు. కానీ వాళ్లకి జన్యు పరీక్ష నిజంగా పనికొస్తుంది.

రెండోది, వందలాది చిన్న చిన్న తేడాల కూడిక. ఎంసీ1ఆర్ అనే జన్యువు చర్మంలో ఏ రకం మెలనిన్ తయారవ్వాలో నిర్ణయిస్తుంది. అందులో కొన్ని మార్పులుంటే ఎర్ర జుట్టు, ఎండకి నల్లబడకుండా కమిలిపోయే చర్మం వస్తాయి, మెలనోమా రిస్క్ కూడా పెరుగుతుంది. ఇలాంటి మార్పులు ఒక్కోటి రిస్క్‌ని కాస్త పెంచుతాయి లేదా తగ్గిస్తాయి. అన్నింటినీ కూడితే వచ్చేదే పాలీజెనిక్ స్కోర్. మనం ఫోన్ రివ్యూల్లో కెమెరాకి ఇన్ని, బ్యాటరీకి ఇన్ని అని మార్కులు కూడినట్టే అనమాట.

జన్యువులు మాత్రమే సరిపోవు. వయసు, ఒంటి మీద పుట్టుమచ్చల సంఖ్య, చిన్నప్పుడు ఎండకి ఎన్నిసార్లు కమిలింది, సన్‌స్క్రీన్ వాడతారా, ఇంతకు ముందు మచ్చలు తీయించుకున్నారా అనేవి కూడా లెక్కలోకి రావాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 40 వేల మందికి పైగా జనాన్ని తీసుకుని క్యూస్కిన్ అనే అధ్యయనం చేశారు. ఉమ్మి అక్కర్లేకుండా, ఇలాంటి మామూలు ప్రశ్నలతోనే రిస్క్ లెక్కగట్టే సాధనం దాన్నుంచి 2018లో వచ్చింది. క్వీన్స్‌లాండ్‌లో తెల్లవాళ్లకి అది మంచి పరికరం. ఆ ఎండ, ఆ చర్మం, ఆ జనం మీదే తయారైంది కాబట్టి.

అసలు విషయం అక్కడే ఉంది.

బెంచ్‌మార్క్‌లో మనం లేం

కంపెనీ "రెండు రోజుల బ్యాటరీ" అంటే మనం ఏం అడుగుతాం? ఏ నెట్‌వర్క్ మీద, ఎంత బ్రైట్‌నెస్‌లో పరీక్షించారు అని అడుగుతాం. రిస్క్ స్కోర్‌ని కూడా అదే అడగాలి. ఎవరి చర్మం మీద పరీక్షించారు?

మెలనోమా జన్యువుల మీద 2020లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 36,760 మెలనోమా కేసులు చూశారు. జన్యుపటంలో 54 చోట్ల సంబంధం కనిపించింది. గొప్ప పనే. కానీ ఆ జనంలో దాదాపు అందరూ యూరప్ మూలాలవాళ్లు. ఇది ఈ ఒక్క జబ్బు సంగతి కాదు. ఇలాంటి జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో దాదాపు 79 శాతం యూరప్ మూలాలవాళ్లేనని 2019లో ఒక సమీక్ష లెక్క తేల్చింది. ప్రపంచ జనాభాలో వాళ్లు 16 శాతమే. ఒక జనం మీద తయారైన స్కోర్ వేరే జనం మీద వాడితే కచ్చితత్వం తగ్గుతుందని కూడా అదే సమీక్ష చూపించింది.

ఈ విషయంలో నిజాయితీగా ఉన్నవాళ్లూ ఉన్నారు. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మెలనోమా రిస్క్ కాలిక్యులేటర్, తెల్లవాళ్ల కోసమే తయారైందని ముందే చెప్పేస్తుంది. డబ్బు తీసుకునే కిట్లు, యాప్‌లు కూడా ఆ మాట బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో వేయాలి.

ఫోటోల సంగతి ఇంకా ఘోరం. ఏఐకి స్కిన్ క్యాన్సర్ నేర్పడానికి అందరికీ అందుబాటులో ఉన్న 21 ఫోటో డేటాసెట్లని 2021లో ది లాన్సెట్ డిజిటల్ హెల్త్ జర్నల్‌లో పరిశీలించారు. మొత్తం 1,06,950 ఫోటోలు. వాటిలో చర్మం రకం రాసి ఉన్నవి 2,436. ఆ 2,436లో గోధుమ రంగు చర్మం ఫోటోలు 10. ముదురు గోధుమ లేదా నల్ల చర్మానిది ఒక్కటి. మూలాలు నమోదైన ఫోటోల్లో దక్షిణాసియా వాళ్లది ఒక్కటి కూడా లేదు.

మా మామయ్య ఫోటో చూసి ఆకుపచ్చ లైటు వేసిన యాప్‌కి ఎలాంటి ఫోటోలతో నేర్పారో నాకు తెలియదు, కంపెనీ చెప్పదు. కానీ ఈ లెక్క చదివాక ఆ ఆకుపచ్చ రంగు మీద నాకు మిగిలిన నమ్మకం కూడా పోయింది.

మన రిస్క్ వేరే చోట ఉంటుంది

ఈ స్కోర్లు మనకి కాస్త తక్కువ కచ్చితంగా పనిచేస్తాయంతే కదా అనుకోవద్దు. మనకొచ్చే జబ్బు తీరే వేరు.

భారత్‌లో మొత్తం క్యాన్సర్లలో చర్మ క్యాన్సర్లు ఒక శాతం లోపే. మెలనిన్ మనకి చాలా వరకు గొడుగు పడుతుంది. కానీ నల్ల చర్మంవాళ్లకి మెలనోమా వస్తే ఎక్కువగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వస్తుంది. దీన్ని ఆక్రల్ మెలనోమా అంటారు. దీనికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. బాబ్ మార్లే కాలివేలికి వచ్చింది ఇదే, 1981లో 36 ఏళ్లకే పోయాడు. "ఎండలో ఎంతసేపు ఉంటారు?" అని అడిగి రిస్క్ లెక్కగట్టే యాప్ దీన్ని ఎలా పట్టుకుంటుంది చెప్పండి?

మన దగ్గర మెలనోమా కన్నా ఎక్కువ కనిపించేది స్క్వామస్ సెల్ క్యాన్సర్. పాత కాలిన మచ్చలు, ఏళ్ల తరబడి మానని పుండ్ల మీద ఇది రావచ్చు. కాశ్మీర్‌లో చలికి కాంగ్డీ కుంపటి ఒడిలో పెట్టుకునేవాళ్లకి తొడల మీద, పొట్ట మీద వస్తుందని వందేళ్లకు పైగా తెలుసు. లంగా బొందు నడుము దగ్గర ఏళ్ల తరబడి ఒరుసుకుని, పుండై, క్యాన్సర్‌గా మారిన అరుదైన కేసులు మన దేశ డాక్టర్లు రికార్డు చేశారు. నీళ్లలో ఆర్సెనిక్ ఉన్న బెంగాల్ ప్రాంతాల్లో ఇంకో రకం సమస్య. కిడ్నీ మార్పిడి తర్వాత మందులు వాడేవాళ్లకి రిస్క్ ఎక్కువ. ఆల్బినిజం ఉన్నవాళ్లకైతే ఎండే పెద్ద శత్రువు.

ఏ విదేశీ యాప్ అయినా "లంగా బొందు కట్టే చోట నల్లగా, గరుకుగా ఉందా?" అని అడిగిందా? "కాలిన మచ్చ మీద కొత్తగా పుండు వచ్చిందా?" అని అడిగిందా? మన రిస్క్ ఫ్యాక్టర్లు వాళ్ల ఫారంలోనే లేవు.

"భారతీయులు" అని ఒకే డబ్బా పెట్టినా సరిపోదు. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగమైన 2013 అధ్యయనం, చర్మం రంగులో పాత్ర ఉన్న ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువు మార్పు దక్షిణాసియాలో ఎలా పరుచుకుందో చూసింది. ప్రాంతాన్ని బట్టి, సమూహాన్ని బట్టి చాలా తేడాలు కనిపించాయి. ఒకే ఇంట్లో అన్నదమ్ముల రంగే కలవని దేశం మనది.

"రెట్టింపు రిస్క్" అంటే ఎంత?

రిపోర్ట్‌లో "మీ రిస్క్ సగటు కన్నా రెట్టింపు" అని చూడగానే గుండె ఆగినంత పనవుతుంది. దేనికి రెట్టింపు? ఉదాహరణకి ఒక జబ్బు లక్షలో ఒకరికి వస్తుందనుకుందాం. రెట్టింపు అంటే లక్షలో ఇద్దరు. మిగతా 99,998 మందికి రాదు. అరుదైన జబ్బులో రెట్టింపు కూడా అరుదే.

యాప్‌ల విషయంలోనూ ఇదే లెక్క. ఇలాంటి యాప్‌ల మీద వచ్చిన అధ్యయనాల్ని 2020లో బీఎంజే జర్నల్ సమీక్షించింది. దొరికినవి తొమ్మిది అధ్యయనాలు, ఆరు యాప్‌లు. మొత్తం మీద వీటిని నమ్మలేమని తేల్చారు. వాటిలో కాస్త మెరుగైన దానికి ప్రమాదకరమైన వాటిని పట్టే శక్తి 80 శాతం, మామూలు వాటిని మామూలువే అని చెప్పే శక్తి 78 శాతం.

వినడానికి పర్లేదనిపిస్తుంది. లెక్క వేద్దాం. పదివేల మంది స్కాన్ చేశారు, వాళ్లలో నిజంగా క్యాన్సర్ ఉన్నది ఒక్కరికి అనుకోండి. మిగతా 9,999 మందిలో 22 శాతానికి, అంటే దాదాపు 2,200 మందికి ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ ఒక్కరికి మాత్రం ఐదింట ఒక వంతు అవకాశం, ఆకుపచ్చ లైటు పడటానికి. 2,200 ఇళ్లలో నిద్ర పాడు, ఒక ఇంట్లో దొంగ ధైర్యం. అదీ యూరప్ చర్మాల మీద వచ్చిన అంకెలతో.

ఫోటో తీసే యాప్‌లు, వాటి చరిత్ర

ఈ ఫీల్డ్‌లో హడావుడి కొత్తది కాదు. 2015లోనే మెల్‌యాప్, మోల్ డిటెక్టివ్ అనే యాప్‌లు ఆధారాలు లేకుండా మెలనోమాని పట్టేస్తామని ప్రచారం చేసుకుంటున్నాయని అమెరికా ఎఫ్‌టీసీ చర్యలు తీసుకుంది. గెలాక్సీ నోట్ 4లో, మొదటి మైక్రోసాఫ్ట్ బ్యాండ్‌లో యూవీ సెన్సర్ వచ్చింది గుర్తుందా? 2014 సంగతి. ఎంతమంది వాడారు? ఆ ఫీచర్ చడీచప్పుడు లేకుండా మాయమైపోయింది.

టెక్నాలజీ మాత్రం ముందుకెళ్లింది. 2017లో స్టాన్‌ఫర్డ్ బృందం 1,29,450 ఫోటోలతో నేర్పిన ఏఐ, ఎంచుకున్న పరీక్షల్లో 21 మంది చర్మ డాక్టర్లతో సమానంగా నిలిచింది. 2024 జనవరిలో డెర్మాసెన్సర్ అనే చేతిలో పట్టే పరికరానికి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. కానీ గమనించండి, అది డాక్టర్ల చేతికి, అప్పటికే అనుమానం వచ్చిన మచ్చ మీద వాడటానికి. అన్ని రకాల చర్మాల మీద ఇంకా పరీక్షలు చేసి చూపించాలని కూడా షరతు పెట్టింది. మనకి ప్లేస్టోర్‌లో దొరికే యాప్ వేరు, ఇది వేరు.

మన సైట్ పాఠకులకి బాగా అర్థమయ్యే ఇబ్బంది ఇంకోటుంది: కెమెరా. ఈరోజు ఏ ఫోన్ కెమెరా ఉన్నది ఉన్నట్టు తీయదు. హెచ్‌డీఆర్ నీడల్ని ఎత్తుతుంది, నాయిస్ రిడక్షన్ చిన్న గీతల్ని చెరిపేస్తుంది, షార్ప్‌నింగ్ లేని అంచుని పుట్టిస్తుంది, బ్యూటీ మోడ్ మచ్చనే మాయం చేస్తుంది. ట్యూబ్‌లైటు కింద ఒక రంగు, ఎల్‌ఈడీ బల్బు కింద ఇంకో రంగు. మచ్చ ప్రమాదకరమా కాదా అని చూసేదే అంచు, రంగు బట్టి. సరిగ్గా ఆ రెండింటినే మన ఫోన్ అందంగా మార్చేస్తుంది. దానికి తోడు మా మామయ్య ఫోటో వాట్సాప్‌లో నలిగి వెళ్లింది.

ఉమ్మి ఒకసారి ఇస్తే వెనక్కి రాదు

పాస్‌వర్డ్ లీకైతే మార్చుకుంటాం. డీఎన్‌ఏ లీకైతే ఏం మార్చుకుంటాం? 23అండ్‌మీలో 2023లో హ్యాకర్లు పాత పాస్‌వర్డ్‌లతో దాదాపు 14 వేల అకౌంట్లలోకి చొరబడ్డారు. బంధువుల్ని కలిపే ఫీచర్ వల్ల ఏకంగా 69 లక్షల మంది సమాచారం బయటపడింది. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అప్పుడు కస్టమర్ల జన్యు సమాచారం ఆస్తిగా మరొకరి చేతికి మారే పరిస్థితి వచ్చింది. చివరికి దాని వ్యవస్థాపకురాలు ఆన్ వొజిట్స్కీ నడిపే సంస్థే కొనుక్కుంది. కానీ ఎవరు కొంటారో అని జనం కంగారుపడ్డ ఆ నెలలు గుర్తుపెట్టుకోవాలి.

ఉమ్మేది మీరొక్కరే, బయటపడేది మీ అన్నదమ్ములు, పిల్లలు అందరూ. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. అక్కడి 2008 జినా చట్టం ఆరోగ్య బీమాలో, ఉద్యోగాల్లో జన్యు వివక్షని ఆపుతుంది కానీ జీవిత బీమాకి వర్తించదు. మన దగ్గర, జన్యు జబ్బులన్నిటినీ గంపగుత్తగా ఆరోగ్య బీమా నుంచి తీసేయడం తప్పని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అది మంచిదే. కానీ 2023 డేటా రక్షణ చట్టంలో జన్యు సమాచారానికి విడిగా ప్రత్యేక వర్గం అంటూ లేదు. నా దృష్టిలో అది పెద్ద లోటు.

ఫోన్‌తో నిజంగా చేయగలిగేది

ఇంత తిట్టాక ఫోన్ పనికిరాదని కాదు. ఫోన్ మంచి డాక్టర్ కాదు, మంచి సాక్షి. మచ్చ మారుతోందా అన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. దానికి జవాబు మన జ్ఞాపకం కన్నా గ్యాలరీ బాగా చెబుతుంది.

- నెలకోసారి స్నానం చేశాక అరికాళ్లు, వేళ్ల సందులు, అరచేతులు, గోళ్లు చూసుకోండి. పెద్దవాళ్లకి వంగడం కష్టం, వాళ్ల అరికాళ్లు మీరే చూడండి.
- అనుమానం ఉన్న మచ్చని పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, ప్రతిసారీ అదే చోట, అదే ఫోన్‌తో తీయండి. పక్కన చిన్న స్కేలు పెట్టండి. బ్యూటీ మోడ్, ఫిల్టర్లు ఆపేయండి. ఒకటి దగ్గర నుంచి, ఒకటి దూరం నుంచి.
- ఆ ఫోటోల్ని లాక్డ్ ఫోల్డర్‌లో పెట్టండి. డాక్టర్‌కి పంపాల్సి వస్తే వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.
- మచ్చ రెండు వైపులా ఒకేలా లేకపోయినా, అంచు చిందరవందరగా ఉన్నా, రెండు మూడు రంగులున్నా, 6 మిల్లీమీటర్లు దాటినా, మారుతున్నా చర్మ డాక్టర్‌కి చూపించాలి. గోటి మీద కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్ల గీత, రక్తం కారే మచ్చ, నెలలు గడిచినా మానని పుండు, "ఆనెకాయ" అన్నా తగ్గనిది కూడా.
- వెదర్ యాప్‌లో యూవీ ఇండెక్స్ ఉచితంగా ఉంటుంది. 3 దాటితే జాగ్రత్త. మన వేసవి మధ్యాహ్నాల్లో 10 దాటుతుంది. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు, ఆల్బినిజం ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు రోజూ చూడాల్సిన అంకె ఇది.

కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి మెలనోమా వచ్చి ఉంటే అప్పుడు జన్యు పరీక్ష చేయించండి. కానీ ఆన్‌లైన్ కిట్‌తో కాదు, జెనెటిక్ కౌన్సెలర్ ఉన్న ఆసుపత్రిలో.

మా మాట

స్కిన్ క్యాన్సర్ రిస్క్ చెప్పే డీఎన్‌ఏ కిట్: మన చర్మానికి ఇప్పుడు కొనొద్దు. మచ్చ చూసి తీర్పు చెప్పే యాప్: ఎర్ర లైటు వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆకుపచ్చ వచ్చినా అనుమానం ఉంటే డాక్టర్ దగ్గరికే వెళ్లండి. అలాంటప్పుడు యాప్ ఎందుకు?

ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుందని అనను. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 83 సమూహాల నుంచి పదివేల మంది జన్యుపటాలు సిద్ధమయ్యాయి, 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చారు. అది పునాది మాత్రమే. ఆ జన్యువులకి జబ్బు రికార్డులు తోడవ్వాలి, మన ఆసుపత్రుల్లో అరికాలి మచ్చల ఫోటోలు పేర్లు లేకుండా, అనుమతితో పోగవ్వాలి. అప్పటిదాకా కంపెనీల నుంచి ఒక్క లైను అడుగుదాం: "ఏ చర్మాల మీద, ఎంతమంది మీద పరీక్షించారు?" ప్రాసెసర్ పేరు చెప్పని ఫోన్‌కి మనం మార్కులివ్వం. ఇది చెప్పని యాప్‌కి మాత్రం ఎందుకివ్వాలి?

బావా, నీ ప్రశ్నకి జవాబు ఇదే. కిట్ల డబ్బులు దాచుకో. ఈసారి ఊరొచ్చినప్పుడు అత్తయ్య అరికాళ్లు కూడా ఒకసారి చూడు.